పన్నెండో పేజీ దాటరాదు

గోనెసంచుల మండలి ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు హైమవతికి, ఉద్యోగం మొత్తంలో బాగా నచ్చినది మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండింటి దాకా ఉండే అరగంట. జీతం కూడా నచ్చేదే గానీ, అది వచ్చిన పూటే వెళ్ళిపోయేది. అరగంట మాత్రం రోజూ వచ్చేది.

ఇంట్లో ఆమె పుస్తకం పట్టుకుంటే చాలు, అత్తగారికి కాఫీ గుర్తొచ్చేది, భర్తకి కళ్ళెదుట ఉన్న తువ్వాలు కనిపించకుండా పోయేది, అంతవరకూ బుద్ధిగా ఉన్న పాలు పొంగడానికి సిద్ధమయ్యేవి. తాడేపల్లిగూడెం బస్సులో చదువుదామంటే నిలబడ్డానికే చోటుండదు. అంచేత ఆఫీసులో క్యారేజీ గబగబా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, కిటికీ పక్కనున్న తన బల్ల దగ్గర నవల విప్పుకునేది. ఆ సమయంలో మిగతావాళ్ళు కునికిపాట్లు పడుతూ ఉండేవారు కాబట్టి, ఆమె చదువుతుందన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. ఒకరి జోలికి ఒకరు పోకుండా కార్యాలయం అలా హాయిగా నడిచిపోతూ ఉండగా, రీజనల్ మేనేజరు చిదంబరేశ్వరరావు గారు విజయవాడలో ఏదో శిక్షణకి వెళ్ళొచ్చారు.

చిదంబరేశ్వరరావు గారు ఏ శిక్షణకెళ్ళినా ఉత్తి చేతుల్తో తిరిగొచ్చే మనిషి కాదు. ఒకసారి యోగా పట్టుకొచ్చారు. వజ్రాసనం వేసిన అకౌంటెంటుని ఇద్దరు పట్టుకు లేపాల్సొచ్చింది. ఇంకోసారి చిరునవ్వుతో సేవ పట్టుకొచ్చారు. సంచుల కాంట్రాక్టర్లు ఆ నవ్వులు చూసి బెదిరిపోయి కొన్నాళ్ళు ఆఫీసు ఛాయలకి రాలేదు. ఈసారి నవలలు పట్టుకొచ్చారు. సిబ్బంది అంతా కలిసి ఒక నవల చదివి చర్చించుకుంటే సంస్థ ఉత్పాదకత పెరుగుతుందని శిక్షణలో ఒకాయన బొమ్మలు వేసి మరీ చూపించాడట.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునదేమనగా, ప్రతి పనిదినమున మధ్యాహ్నం ఒంటిగంటన్నర మొదలు రెండు గంటల వరకు సమావేశ మందిరమునందు 'మండలి పఠన వేదిక' నిర్వహించబడును. సిబ్బంది స్వచ్ఛందంగా హాజరు కావలెను. స్వచ్ఛందంగా హాజరు కానివారిపై తగు చర్య తీసుకొనబడును."

హైమవతి దాన్ని రెండుసార్లు చదివి, సూపరింటెండెంటు భీమశంకరం గారి దగ్గరికెళ్ళింది. భీమశంకరం గారు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పైనుంచి వచ్చిన కాగితాన్ని కళ్ళకద్దుకోరు గానీ, అద్దుకున్నంత పని చేస్తారు.

"ఇది నా లంచ్ టైమండి," అంది.

"అందరిదీనండి. మీకు సంతోషంగా లేదా? మీరు నవలలు చదువుతారు కదా?"

"చదువుతాను కాబట్టే అడుగుతున్నానండి."

"చదవని వాళ్ళం మేం ఏడవాలి గానీ మీకేమొచ్చిందండీ! మీకోసమే పెట్టినట్టుంది."

బల్ల సొరుగులో సగం చదివిన నవల ఒకటి ఉంది. ఆ పూట చివరిసారిగా దానికేసి చూసి, సొరుగు మూసింది హైమవతి.

ఏ నవల చదవాలన్నది తేల్చడానికి కొనుగోళ్ళ కమిటీ కూర్చుంది. మండలిలో ఏది కొన్నా మూడు నమూనాలు తెప్పించి పరీక్షించడం ఆనవాయితీ. అంచేత ఊళ్ళో పుస్తకాల షాపు నుంచి మూడు నవలలు తెప్పించారు. భీమశంకరం గారు ఒక్కొక్కటీ కాటాలో పెట్టి తూచారు. దారం కుట్టు అంగుళానికి ఎన్ని ఉన్నాయో చూశారు. తర్వాత అటెండరు వీర్రాజు ఒక్కో పుస్తకాన్ని అట్ట పట్టుకుని కొక్కేనికి వేలాడదీసి, కింద తూనిక రాయి కట్టాడు. రెండు నవలలు రాయితో సహా కింద పడ్డాయి. 'రేవు దాటని లాంచీ' అనే నవల మాత్రం చలించకుండా వేలాడింది.

"నాణ్యమైన సాహిత్యం," అన్నారు చిదంబరేశ్వరరావు గారు దాన్నే చూస్తూ.

హైమవతి దాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆ నవల ఆమె డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన పుస్తకం. ఆఖరి పేజీ దగ్గర ఏడ్చిన అమ్మాయిల్లో ఆమె కూడా ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగితే మాత్రం చెప్పడానికి అది నేరమేమీ కాదనుకుంది, అప్పటికి.

ప్రతులు కొన్నారు, పంచారు. వారం తర్వాత మొదటి సమావేశం జరిగింది.

"నేను ఈ నవలని విజయవాడ నుంచి వస్తూ రైల్లో ప్రారంభించాను," అన్నారు చిదంబరేశ్వరరావు గారు. ఆ వారంలో ఏదో పనుండి ఆయన మరోసారి విజయవాడ వెళ్ళొచ్చారు. "పన్నెండో పేజీ పూర్తయ్యేసరికి గూడెం వచ్చేసింది. అద్భుతం! వానలో ఆ కౌముది అనే అమ్మాయి రేవులో నిలబడింది. ఒక కాలు లాంచీ పలక మీద, ఇంకో కాలు రేవు మీద. ఆహా! ఎవరైనా మాట్లాడొచ్చు. నిర్భయంగా మాట్లాడండి."

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ వీర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్, బాగుందండి. మరీ ముఖ్యంగా ఆ లాంచీలో ఎక్కినాక, లాంచీ నడిపే సరంగు ఉన్నాడు చూడండి, ఆడు ఆ కౌముదమ్మతోటి..."

"ఆగు!"

వీర్రాజు ఆగాడు.

"నువ్వెంతవరకు చదివావు?"

"నలభయ్యో పేజీ దాకానండి. గేటు కాడ కూచుంటే ఊసుపోదు కదండీ."

చిదంబరేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "నేను పన్నెండో పేజీలో ఉన్నాను. మా అటెండరు నలభయ్యో పేజీలో ఉన్నాడు. దీని అర్థమేమిటండీ, భీమశంకరం గారూ?"

"మధ్యలో ఉండాల్సిన మేమెవరం అక్కడ లేమని సార్."

"కాదు. ఫైలనేది కింద నుంచి పైకి వెళ్తుంది. జ్ఞానమనేది పై నుంచి కిందకి దిగాలి. అధికారికి తెలియని విషయం సిబ్బందికి ముందే తెలిసిపోతే, ఇక అధికారి దేనికి?"

దేనికో ఎవరికీ తోచలేదు. సాయంత్రానికి రెండో సర్క్యులర్ వచ్చింది.

"అధికారి పఠించిన పేజీకి మించి సిబ్బంది పఠించరాదు. తదుపరి పేజీలలోని సంఘటనలు అధికారి దృష్టికి వచ్చే వరకు జరగనట్లే భావించవలెను."

మాట మీద నమ్మకం చాలదని, సంచుల మూతులు కుట్టే చేతి మిషను తెప్పించి, అందరి పుస్తకాల్లోనూ పదమూడో పేజీ నుంచి చివరిదాకా అంచు వెంబడి జనపనార దారంతో కుట్టించారు. వీర్రాజు తను చదివిన అదనపు పేజీలన్నీ మరిచిపోతానని హామీ ఇచ్చాడు. రెండ్రోజులాగి భీమశంకరం గారు తనిఖీకి పిలిచారు.

"మర్చిపోయావా?"

"మర్చిపోయానండి."

"ఏం మర్చిపోయావో చెప్పు."

"మర్చిపోయానండి."

"తృప్తికరం," అన్నారు భీమశంకరం గారు.

సర్క్యులర్ నకలు విజయవాడ హెడ్డాఫీసుకి కూడా వెళ్ళింది. అక్కడివారు దాన్ని ఎంతో మెచ్చుకుని, మండలి ఉద్యోగులందరికీ, కింది నుంచి పైదాకా, రాష్ట్రమంతటా వర్తించేట్టు ఉత్తర్వులిచ్చారు. ఆ రోజు చిదంబరేశ్వరరావు గారు అందరికీ పకోడీలు తెప్పించారు.

ఇక మిగిలిందల్లా ఆయన పదమూడో పేజీ తిప్పడం. అది జరగలేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి పన్నెండో పేజీ తెరిచేవారు. ఫోనొచ్చేది. ఫోను రానిరోజున, "తొందరెందుకండీ, ముందు ఇది వంటబట్టాలి" అనేవారు. అసలు సంగతేమిటంటే ఆయనకి మళ్ళీ విజయవాడ రైలు ప్రయాణం తగల్లేదు. రైల్లో తప్ప ఆయన చదవలేరు.

అంచేత కౌముది వానలో అలాగే నిలబడిపోయింది. ఒక కాలు పలక మీద, ఒక కాలు రేవు మీద. ఆమె చుట్టూ చర్చలు మాత్రం ముమ్మరంగా సాగాయి. ఆమె టికెట్ కొన్నదా అని అకౌంటెంటు సందేహం లేవనెత్తాడు. అంత వానలో లాంచీ మీది సరుకుకి టార్పాలిన్ కప్పారా, లేదా, కప్పకపోతే తడిసిన గోనెలకి బాధ్యులెవరు అన్నదాని మీద మూడు సమావేశాలు నడిచాయి. భీమశంకరం గారు మాత్రం ఆ ఒంటికాలి మీదే నిలబడ్డారు.

"నా ఉద్దేశం ఆ అమ్మాయి పర్మిషన్ కోసం చూస్తోందండి," అన్నారాయన. "బాధ్యత గల మనిషి. ఉత్తర్వు వచ్చేదాకా రెండో కాలు కదపదు."

హైమవతి రోజూ వెనక వరసలో కూర్చుని వింటూ ఉండేది. ఇవతల సొరుగులో తన నవల సగంలో ఆగిపోయింది. అవతల తనకి తెలిసిన నవల పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది. ఇంటి దగ్గర ఎలాగూ పాలు పొంగుతూనే ఉన్నాయి. తన జీవితంలో చదువుకోవడానికి ఇంక ఎక్కడా ఎడం లేకుండా పోయిందని, అది కూడా పఠన వేదిక పుణ్యమా అని జరిగిందని, చర్చల మధ్యలో ఆమెకి తరచూ అనిపించేది. అనిపించినా ముఖం కదలనిచ్చేది కాదు. అత్తగారింట్లో అలవాటైన విద్య అది.

ఒక మధ్యాహ్నం మాత్రం ఆ విద్య పనిచేయలేదు.

"ఇన్నాళ్ళూ ఆలోచించి నేనొక నిర్ణయానికి వచ్చాను," అని ప్రకటించారు చిదంబరేశ్వరరావు గారు. "ఆ అమ్మాయి లాంచీ ఎక్కదు. కాలు వెనక్కి తీసుకుంటుంది. ఇంటికెళ్ళి, మంచం పట్టిన నాన్నగారి కాళ్ళ మీద పడి, ఆయనకి వేడివేడిగా పథ్యం వండి పెడుతుంది. సంస్కారం గల పిల్ల."

"నిస్సందేహంగా సార్," అన్నారు భీమశంకరం గారు. "పథ్యమే సార్," అన్నాడు అకౌంటెంటు. అలా హోదా క్రమంలో పథ్యం ఒక్కో కుర్చీ దాటుకుంటూ వెనక వరస దాకా వచ్చింది. కౌముది నిజంగా ఏం చేసిందో, ఆ నాన్నగారు ఎలాంటివారో గుర్తొచ్చి, హైమవతి నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. పెదవి చివర పుట్టి అక్కడే పోయే నవ్వు. కానీ అంతమంది తలలూపుతున్న చోట కదలకుండా నవ్విన మనిషి కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

మర్నాడు మెమో ఇచ్చారు.

"మీరు పఠన వేదికలో నవ్వినట్లు గమనించడమైనది. పన్నెండో పేజీ వరకు నవ్వదగిన అంశమేదియు లేదని కార్యాలయ పరిశీలనలో తేలినందున, సదరు నవ్వు తదుపరి పేజీలకు సంబంధించినదిగా భావించడమైనది. సంజాయిషీ ఇవ్వగలరు."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మెమో భర్త సత్యకుమార్ చదివాడు. "నవ్వినందుకా?" అన్నాడు. "ఇంట్లో నా జోకులకి ఒక్కనాడు నవ్విన పాపాన పోవు, వెళ్ళి వెళ్ళి ఆఫీసులో నవ్వావా?"

జరిగిందంతా విన్న అత్తగారు గోంగూర ఒలుస్తూ, "ఇంతకీ ఆ పిల్ల లాంచీ ఎక్కిందా లేదా?" అని అడిగింది. హైమవతి ఆవిడ పక్కన కూర్చుని, తనూ నాలుగు కట్టలు ఒలుస్తూ, కథంతా చివరిదాకా చెప్పింది. అత్తగారు ఆఖర్న కొంగుతో కళ్ళొత్తుకుని, "మంచి పని చేసింది," అంది. గోనెసంచుల మండలిలో చేరకపోవడం వల్ల ఆవిడ ఏ నిబంధనా ఉల్లంఘించకుండానే కథ మొత్తం వినేసింది.

విచారణాధికారిగా భీమశంకరం గారిని వేశారు. జూనియర్ అసిస్టెంటు మేరీ సుహాసిని పక్కన కూర్చుని రాసుకుంటోంది. ఆ పిల్ల ఉద్యోగంలో కొత్త. హైమవతిని అక్కా అని పిలుస్తుంది.

"మీరు నవ్వారా?" అన్నారు భీమశంకరం గారు.

"నవ్వానండి."

"పదమూడో పేజీ చదివారా?"

"పదమూడేమిటండీ, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. డిగ్రీలో ఉండగా. అప్పటికి ఈ వేదిక లేదు."

"వేదిక లేకపోవచ్చు. అధికారి గారైతే అప్పుడూ ఉన్నారు కదా? ఆయన చదవకముందే మీరు చదివారు."

"అప్పటికి ఆయనెవరో నాకు తెలీదండి."

"తెలుసుకోవాల్సింది." ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "సరే, నేరం ఒప్పుకున్నారు. కానీ ఉత్తినే ఒప్పుకుంటే చెల్లదండి, రుజువు కావాలి. మీకు ముగింపు నిజంగా తెలుసా?"

"తెలుసండి. చెప్పమంటారా? ఆ కౌముది..."

"వద్దు! వద్దు!" ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. సుహాసిని కలం పడేసి తనూ మూసుకుంది. "నేను పన్నెండో పేజీలో ఉన్నానండీ తల్లీ! మీరు చెప్పింది వింటే నేనూ ముద్దాయినైపోతాను."

"మరి వినకపోతే రుజువెలా?"

భీమశంకరం గారు చెవుల మీద చేతులు తీయకుండానే ఆలోచించారు. ఆమె చెప్పే ముగింపు నిజమో కాదో తేల్చాలంటే అసలు ముగింపు తెలిసినవాళ్ళుండాలి. తెలిసినవాళ్ళుంటే వాళ్ళు నేరస్థులు. నేరస్థుల సాక్ష్యం చెల్లదు. తెలియనివాళ్ళ సాక్ష్యం పనికిరాదు. ఆయన ఆ చిక్కుముడిని అలాగే పళ్ళెంలో పెట్టి రీజనల్ మేనేజరు గారి ముందుంచారు.

చిదంబరేశ్వరరావు గారు ఒక పూటంతా తలుపేసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు. "నేరం రుజువు కాలేదు. అయినా అనుమానితురాలి దగ్గర ముగింపు ఉండే ప్రమాదం ఉంది. ముగింపనేది అంటువ్యాధి లాంటిది. మాటలోంచి పోవచ్చు, నవ్వులోంచి పోవచ్చు. అందుచేత వేదిక జరిగే అరగంటా హైమవతి గారిని రికార్డు గదిలో ఒంటరిగా ఉంచవలెను. తదుపరి ఉత్తర్వుల వరకు."

ఉత్తర్వు అందుకున్నప్పుడు హైమవతి తల వంచుకుంది. సిగ్గుతో అనుకున్నారంతా. పెదవి చివర మళ్ళీ ఏదో పుడుతోందని ఆమెకే తెలుసు.

రికార్డు గదిలో ఒక పక్క పాత ఫైళ్ళు, ఇంకో పక్క నమూనాగా వచ్చిన కొత్త గోనెసంచుల దొంతరలు. కొత్త గోనెకి ఒక రకమైన కమ్మటి వాసన ఉంటుంది. నాలుగు దొంతరలు సర్దుకుంటే దివాన్ కాట్ కంటే సుఖంగా తయారైంది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా పుస్తకం మీద పడుతోంది. తలుపు బయటినుంచి గడియ పెట్టారు కనుక ఎవరూ రారు. తన బల్ల దగ్గరైతే అప్పుడప్పుడూ ఎవరో ఒకరు స్టేప్లర్ కోసం వచ్చేవారు. ఇక్కడ అదీ లేదు. ఉద్యోగంలో చేరాక ఇంత గౌరవం తనకెప్పుడూ దక్కలేదనుకుంటూ, హైమవతి సొరుగులోని నవలని అక్కడికి తెచ్చుకుని నాలుగు రోజుల్లో పూర్తిచేసింది.

ఐదో రోజున తలుపు తీసి సుహాసినిని లోపలికి తోశారు.

"ఏమైందే?"

"నవ్వానక్కా," అంది సుహాసిని.

"ఎందుకు?"

"ఊరికే. టార్పాలిన్ గురించి చెబుతుంటే నవ్వాను. రుజువు లేదు, అనుమానమే." ఆ పిల్ల గోనె దొంతర మీద ఎగిరి కూర్చుని, చంకలోంచి 'రేవు దాటని లాంచీ' తీసింది. సంచి కుట్టులో ఏ కొస పట్టుకు లాగితే దారం మొత్తం జరజరా ఊడివస్తుందో మండలిలో ఉద్యోగం చేసేవాళ్ళెవరికీ నేర్పక్కర్లేదు. ఒక్క లాగు లాగింది. "ఎలాగూ అంటుకుందన్నారు కదా, ఇప్పుడైనా చదవనీ అక్కా. కౌముదిని ఆ పలక మీద వదిలేసి ఇంటికెళ్తే అన్నం సయించట్లేదు."

మర్నాడు వీర్రాజు వచ్చాడు. "నేను నవ్వలేదండి, నిట్టూర్చేనండి," అని వివరణ ఇచ్చాడు. అతనికి మర్చిపోయిన పేజీలన్నీ ఏ కష్టమూ లేకుండా గుర్తొచ్చాయి. అకౌంటెంటు అదోలా తలపంకించినందుకు వచ్చాడు. ఇంకొకాయన కళ్ళు తుడుచుకున్నాడు. కంట్లో నలక పడిందని ఎంత చెప్పినా వినలేదని బయటికన్నాడు గానీ, లోపలికొచ్చాక నలక ఊసెత్తలేదు. వారం తిరిగేసరికి గోనె దొంతరల మీద చోటు చాలక ఫైళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. వింతేమిటంటే, ఆ గదిలో ఎవరూ చర్చించేవారు కాదు. పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. హైమవతి తను ఒంటరిగా లేనందుకు మొదట్లో కాస్త నొచ్చుకుంది గానీ, ఇంతమంది పక్కనుండి కూడా స్టేప్లర్ అడక్కపోవడం చూసి సర్దుకుపోయింది.

ఆఖర్న భీమశంకరం గారు కూడా వచ్చేశారు. ఆయన్ని ఎవరూ పంపలేదు. తనంతట తనే గడియ తీసుకుని వచ్చి, తనంతట తనే లోపలినుంచి తలుపేసుకున్నారు.

"మీరు కూడానా సార్?" అంది సుహాసిని.

"నావల్ల కాదమ్మా," అన్నారాయన, పుస్తకం కుట్టు కొస వెతుక్కుంటూ. "ఎన్నాళ్ళని నిలబెడతామండీ ఒంటికాలి మీద? ఆడపిల్ల. వాన కూడాను. ఈపాటికి కాళ్ళు వాచి ఉంటాయి." దారం లాగి, పదమూడో పేజీ తెరిచి, కళ్ళజోడు సర్దుకున్నారు. ఒక నిమిషం తర్వాత, "హమ్మయ్య," అన్నారు. పేజీ తిప్పారు.

ఆయన వచ్చిన మూడో నాడు మధ్యాహ్నం రికార్డు గది తలుపు ఎవరో కొట్టారు. లోపల ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రావలసినవాళ్ళెవరూ బయట మిగల్లేదు. వీర్రాజు తలుపు తీశాడు. ఎదురుగా చిదంబరేశ్వరరావు గారు, తన కుర్చీ తనే మోసుకుంటూ నిలబడి ఉన్నారు.

అందరూ లేచారు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నారాయన నీరసంగా. కుర్చీ దించి, తనూ కూర్చున్నారు. "హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. మన ప్రగతి ఎంతవరకు వచ్చిందని అడిగారు. పన్నెండో పేజీ అన్నాను. అక్కడ ఎండీ గారు నవల ఇంకా తెరవనే లేదట. ఆయన తెరవకుండా నేను పన్నెండు పేజీలు ఎలా ముందుకెళ్ళానని... ఉత్తర్వు కింది నుంచి పైదాకా అందరికీ వర్తిస్తుంది కదాండీ. నేను తయారుచేసిన ఉత్తర్వే." ఆయన గొంతులో బాధ ఉంది, కొద్దిగా గర్వమూ ఉంది. "కాబట్టి నన్ను నేనే ఇక్కడికి పంపించుకున్నాను."

"ఎంత నిబద్ధత సార్!" అన్నారు భీమశంకరం గారు. అని ఊరుకుంటే బాగుండేది. అలవాటు కొద్దీ ఇంకో మాట అడిగారు. "అయితే ఇప్పుడు తమరు ఏ పేజీలో ఉన్నట్టు సార్?"

"పన్నెండూ రద్దు చేశారండి. అట్ట దగ్గరున్నాను."

గదిలో పుస్తకాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. హోదా క్రమంలోనే మూతపడ్డాయి. "మీరంతా ఎక్కడివరకు వచ్చారు?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు. "అట్ట దగ్గరే సార్. మిగతాది మర్చిపోయాం," అన్నాడు అకౌంటెంటు. "ఆయ్, మర్చిపోయామండి," అన్నాడు వీర్రాజు, ఆ విషయంలో అనుభవం ఉన్నవాడిలా. ఇంకో నిమిషంలో అట్ట మీద చర్చ మొదలైపోయింది. లాంచీకి నీలం రంగు ఎందుకు వేశారు? అది ప్రభుత్వ లాంచీయా, ప్రైవేటుదా?

హైమవతి ఒళ్ళో తన కొత్త నవల తెరిచే ఉంది. అది కూడా ఏ క్షణాన్నైనా మూయమంటారు. పోయిన అరగంటని శిక్ష పడి మరీ సంపాదించుకుంది, ఇప్పుడు శిక్షలోకి కూడా వేదిక వచ్చి కూర్చుంది. ఇంక ఊరుకుంటే లాభం లేదనుకుని లేచి నిలబడింది.

"సార్, నన్నిక్కడ ఎందుకుంచారో తమరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది."

"ముగింపు పొక్కకుండా."

"ఇప్పుడు తమరు నా పక్కనే కూర్చున్నారు. అట్ట దగ్గరున్నారు. నాకేమో ఆఖరి వాక్యం దాకా తెలుసు. నాకు నవ్వాపుకోవడం చేతకాదని మెమోలో కూడా ఉంది."

చిదంబరేశ్వరరావు గారు కుర్చీని చప్పున రెండడుగులు వెనక్కి జరుపుకున్నారు.

"మీరు కూడా వీళ్ళలాగా మర్చిపోవచ్చు కదండీ?"

"ప్రయత్నించాను సార్. డిగ్రీ రోజుల్లోది, పోవడం లేదు."

"మరైతే మిమ్మల్ని ఎక్కడ ఉంచాలి?"

"సమావేశ మందిరం ఖాళీగా ఉంది సార్. అక్కడికిప్పుడు ఎవరూ రారు."

ఆయన అందరికేసీ చూశారు. అందరూ ఆయనకేసి చూశారు. "తక్షణం వెళ్ళండి," అన్నారు. "తదుపరి ఉత్తర్వుల వరకు రావద్దు."

హైమవతి పుస్తకమూ, మంచినీళ్ళ సీసా తీసుకుని బయటికొచ్చింది. వరండాలో నాలుగడుగులు వేసేసరికి వెనకాల చెప్పుల చప్పుడు. చిదంబరేశ్వరరావు గారు తలుపు దగ్గరగా వేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"హైమవతి గారూ, ఒక్కమాట. ఆ అమ్మాయి... ఎక్కుతుందాండీ?"

అధికారిలా అడగలేదాయన. ఎన్నో రోజులుగా వానలో తనూ నిలబడ్డవాడిలా అడిగారు. హైమవతికి ఒక్క క్షణం జాలేసింది. నోటిదాకా వచ్చింది కూడాను. అంతలో రికార్డు గదిలోంచి భీమశంకరం గారి గొంతు వినిపించింది, ఆ నీలం ఏ సంవత్సరపు టెండరు నీలమో తేల్చాలంటున్నారు.

"పుస్తకం మీ దగ్గరే ఉంది కదా సార్. ఒక్క పేజీ తిప్పితే చాలు," అంది.

"అమ్మో," అన్నారాయన. "ఎండీ గారు?"

"ఆయన తిప్పిన రోజున నేనే వచ్చి చెప్తాను సార్," అని సెలవు తీసుకుంది.

సమావేశ మందిరంలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. హైమవతి ఫ్యాను వేసుకుని, వెనక వరస మానేసి, చిదంబరేశ్వరరావు గారి కుర్చీ ఉండే చోటికి ఎదురుగా ఉన్న మెత్తటి సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఇరవై పేజీలు చదివింది. నలభై పేజీలు చదివింది. మధ్యలో ఒకసారి తలెత్తి, ఇవాళ అరగంట ఇంత పెద్దదిగా ఉందేమిటా అనుకుంది. ఆ ఆఫీసులో రెండింటికి బెల్లు కొట్టేది వీర్రాజు. వీర్రాజు అట్ట మీద చర్చలో ఉన్నాడు. బెల్లు మోగే దాకా ఆ కార్యాలయంలో రెండు కావడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, ఆ రోజు సాయంత్రం దాకా ఒంటిగంటన్నరే అయింది.